అమ్మ గొంతు తప్ప

ఆ గింజను కనిపెట్టింది పరాంకుశం గారు. దాన్ని లాస్య చెవిలో పెట్టింది మాత్రం నేను. ఈ సంగతి మొదట్లోనే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం కాస్త తేలికవుతుందేమోనని నా ఆశ. కాకపోయినా చెప్పక తప్పదు.

మాది కాకినాడలో చిన్నపిల్లల ప్రవర్తనను పరిశీలించే కేంద్రం. కొట్టే పిల్లలు, కొరికే పిల్లలు, గోడకేసి తల బాదుకునే పిల్లలు, బడివాళ్ళు మావల్ల కాదని పంపేసిన పిల్లలు మా దగ్గరికి వస్తారు. పూర్వం ఒక పిల్లను అంచనా వేయాలంటే మేమే ఆ ఇంటికి వెళ్ళి రెండు రోజులు ఓ మూల కూర్చునేవాళ్ళం. వాళ్ళు పెట్టింది తినడం, ఏమీ అడక్కుండా చూడడం, చూసింది రాసుకోవడం. నాకు పని నేర్పిన పెద్దావిడ దీన్ని "పీట వేసుకోవడం" అనేవారు. "పీట వేసుకున్నావా? ఏం చూశావు?" అని అడిగేవారు తప్ప, ఎన్ని మార్కులు వేశావని ఎప్పుడూ అడగలేదు.

గింజ వచ్చాక పీట మూలపడింది. నిజం చెప్పాలంటే నాకు హాయిగానే అనిపించింది. పరాయివాళ్ళ ఇళ్ళలో ముడుచుకుని కూర్చుని నా నడుం అప్పటికే పడిపోయింది.

గింజ అంటే చింతగింజలో సగం ఉండే పరికరం. చెవి లోపల కూర్చుంటుంది. ముప్ఫై రోజులపాటు పిల్ల నాడి, ఊపిరి, చెమట, చుట్టుపక్కల చప్పుళ్ళు నమోదు చేస్తుంది. పిల్ల విరుచుకుపడ్డ ప్రతిసారీ వెనక్కి వెళ్ళి, అంతకుముందు చెవిన పడిందేమిటో వెతుకుతుంది. కుక్కర్ కూత పడని పిల్లలున్నారు. ట్యూబులైటు రొద పడక, అదేమిటో చెప్పలేక, తమ్ముణ్ణి గిల్లే పిల్లలున్నారు. కారణం దొరికాక అదే గింజ ఆ ఒక్క చప్పుడునూ చెవిలో పడకుండా తీసేస్తుంది, బియ్యంలో రాళ్ళేరినట్టు. మిగతా లోకమంతా వినపడుతూనే ఉంటుంది.

"ముదిరాక మందు కాదు ఇందూ, రాకుండా అడ్డు" అనేవారు పరాంకుశం గారు. ఆయన మంచివారు. ఇది కూడా ముందే చెప్పాలి. కుక్కర్ కూతకు గిలగిల్లాడిన పిల్లాడు మొదటిసారి వంటింట్లోకి నడిచి వెళ్ళి అమ్మ పక్కన నిలబడ్డ రోజున, ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

లాస్యప్రియను దుమ్ములపేట నుంచి తెచ్చారు. నాలుగున్నరేళ్ళు. నుదుటి మీద పాత గాయం మానకముందే కొత్త గాయం. రోజుకు ఆరేడుసార్లు పేచీ. అది మామూలు పేచీ కాదు. గడపకేసి తల కొట్టుకునేది, దగ్గరికి వెళ్ళినవాళ్ళను రక్తం వచ్చేలా కొరికేది. అంగన్‌వాడీ టీచరు ఇక పంపవద్దని చేతులు జోడించిందట. తల్లి నూకరత్నం రొయ్యల ప్లాంటులో తలకాయలు తీసే పని చేస్తుంది. వేళ్ళ చివర్లు నీళ్ళలో నాని తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. తండ్రి కొండబాబు వేట బోటు మీద వెళితే పదిహేను రోజులకు గానీ ఒడ్డుకు రాడు. ఇంట్లో ఉండేది నానమ్మ అప్పయమ్మ.

నా ముందు నూట పన్నెండు ప్రశ్నల కాగితం ఉంది. ఒక్కొక్కటీ చదువుతూ వచ్చాను. నలభై ఏడో ప్రశ్న నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తు. తల్లి బయటికి వెళ్ళేటప్పుడు బిడ్డ ఏడుస్తుందా?

"లేదండి, అస్సలేడవదండి" అంది అప్పయమ్మ. "దాని పాటికది కోళ్ళతో ఆడుకుంటాది. రెండేళ్ళప్పుడు ఏడిసేది. ఇప్పుడు ఆ బాధ లేదు."

"లేదు" అన్న గడిలో టిక్కు పెట్టి నలభై ఎనిమిదికి వెళ్ళిపోయాను.

లాస్య చెవిలో గింజ పెట్టిన ముప్ఫై రోజులకు పరాంకుశం గారు నన్ను తన గదిలోకి పిలిచారు. తెర మీద లాస్య రోజులు వరసగా ఉన్నాయి. నాడి పెరిగిన చోటల్లా ఎర్రగీత, దాని కింద అప్పుడు వినపడిన చప్పుడు. ఆయన కిందికి జరుపుతూ పోయారు. ప్రతి ఎర్రగీత కిందా ఒకే మాట.

"తల్లి గొంతు" అన్నాను.

"నూటికి తొంభై ఒకటి. అదీ కోప్పడే గొంతు కాదు ఇందూ. ముద్దుచేసే గొంతు. ఆవిడ ఎంత ముద్దుగా మాట్లాడితే పిల్ల నాడి అంత పెరుగుతోంది. పది నిమిషాలు తిరగకుండా విరుచుకుపడుతోంది."

"ఇలాంటిది ఎక్కడైనా ఉందా?"

"కొందరి చెవికి కొన్ని స్థాయిలు పడవు. అది అమ్మ గొంతే కావడం ఆ పిల్ల దురదృష్టం."

నెలలో వచ్చిన నాలుగు ఆదివారాలూ ఆ లెక్కలో లేవు. సెలవు రోజున ఇంటి వరస మారిపోతుంది గనక ఆ రోజును పక్కన పెట్టాలని మా నియమం. పక్కన పెట్టినట్టు సంతకం చేసింది నేనే.

ఈ మాట ఒక తల్లికి ఎలా చెప్పాలో నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. నూకరత్నం అంతా విని, కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేకపోయినా తుడుచుకుంటూనే ఉంది.

"నా గొంతే పడదాండి దానికి? కడుపులో ఉన్నప్పట్నుంచీ ఇన్న గొంతే కదండి."

"నీ తప్పేమీ లేదమ్మా. దాని చెవి తీరు అలా ఉంది."

"అయితే ఇదంతా ఎందుకండి, నేను మాట్టాడ్డం మానేత్తాను. నోరు కుట్టేసుకుంటాను. పిల్ల తల పగలగొట్టుకోకుండా ఉంటే సాలు నాకు."

మానేసింది కూడా. మూడు రోజులు. నాలుగో రోజున లాస్య వేడి గంజి గిన్నె మీదికి వంగితే "అమ్మడూ!" అని అరిచింది. ఉన్నది ఒక్కటే గది, పక్కింటివాళ్ళతో మాట్లాడినా గొంతు పిల్లకు వినపడుతుంది. అయిదో రోజున వచ్చి, తన వల్ల కావడం లేదని, తనంత దిక్కుమాలిన తల్లి ఉండదని నా టేబుల్ మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేసి, ఆమె గొంతొక్కటీ పిల్లకు వినపడకుండా గింజ తీసేయగలదని చెప్పాను. ఆమె ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయబోయి ఆగి, సంతకం వచ్చని గుర్తు చేసుకుని సంతకం పెట్టింది.

ఆ సాయంత్రమే లాస్య గింజకు తల్లి గొంతు గుర్తుపట్టడం నేర్పాం. మరునాటి నుంచి ఆ పిల్లకు కోళ్ళ కూత, కుళాయి చప్పుడు, నానమ్మ తిట్లు, ఆటో హారన్లు అన్నీ వినపడ్డాయి. అమ్మ గొంతు తప్ప.

గింజ పనిచేసింది. ఎంత బాగా పనిచేసిందో చెప్పడానికి ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది. మొదటి వారం పేచీలు రోజుకు మూడుకు తగ్గాయి. నెల తిరిగేసరికి ఒకటి, రెండో నెలలో సున్నా. నుదుటి గాయం మానింది. అంగన్‌వాడీ టీచరు తనే వచ్చి పిల్లను తీసుకెళ్ళింది. అప్పయమ్మ మా కేంద్రంలో అందరికీ పూతరేకులు పంచింది.

మొదటి నెల రికార్డులో ఒక వాక్యం ఉంది. పిల్ల తరచు తల్లి పెదవుల మీద వేళ్ళు పెట్టి చూస్తోంది. రెండో నెలలో ఇంకో వాక్యం. తల్లి ముఖం వైపు చూడడం బాగా తగ్గింది, పిల్ల ప్రశాంతంగా ఉంది. రెండూ నా దస్తూరీయే.

ఎనిమిది నెలలు గడిచాయి. గింజను ఇంకో నలభై ఊళ్ళకు పంపాలని నిర్ణయం జరిగింది. దానికి ముందు ఒక చిన్న వీడియో కావాలి, బాగుపడ్డ పిల్ల మామూలు రోజు ఎలా గడుస్తుందో చూపించేది. పరాంకుశం గారు నన్నే వెళ్ళమన్నారు. అలా మొదటిసారి నేను లాస్య ఇంటి గడప తొక్కాను. పొద్దున్న ఆరుకు వెళ్ళి, ఎవరికీ అడ్డం లేకుండా ఓ మూల పీట వేసుకున్నాను.

నూకరత్నం పిల్లకు ఇడ్లీ తినిపిస్తోంది. వినపడదని తెలిసీ మాట్లాడుతూనే ఉంది. "నా బంగారుకొండ కదా, ఇంకొక్క ముద్ద. సాయంత్రం నీకు జీళ్ళు తెత్తాను కదా." లాస్య గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నములుతోంది. ప్లాంటు బస్సు వేళ అవుతోందనుకుంటాను, నూకరత్నం కళ్ళతోనే అత్తకు సైగ చేసింది. అప్పయమ్మ చటుక్కున లేచి పిల్లను చంకనేసుకుని, "అదిగో లాసమ్మా, కోడిపిల్లలు సూడు, ఎన్నున్నాయో లెక్కెడదాం రా" అంటూ పెరట్లోకి తీసుకుపోయింది. ఆ క్షణంలోనే నూకరత్నం చెప్పులు చేత పట్టుకుని, ఉత్తికాళ్ళతో, చప్పుడు చేయకుండా వీధి గుమ్మంలోంచి జారుకుంది.

నేను కెమెరా కింద పెట్టేసి ఆమె వెనకే పరుగెత్తాను. సందు చివర చెప్పులు వేసుకుంటోంది.

"రోజూ ఇలాగేనా వెళ్ళేది?"

"ఆయ్, ఇలాగేనండి. ఎదురుగా ఎల్తే ఏడుత్తాది కదండి. పిల్లనేడిపించి ఎల్తే ఆ రోజంతా నాకు పన్లో సెయ్యాడదు."

"ఎప్పట్నుంచి?"

"దానికి రెండేళ్ళు ఎల్లినప్పట్నుంచీనండి. పొద్దున్నొకసారి. మజ్జాన్నం అన్నం పెట్టడానికొచ్చి మళ్ళీ ఎల్తాను. సాయంత్రం నీళ్ళకీ, బజారుకీ ఇంకో నాలుగైదుసార్లు. కాసేపు ముద్దుసేసి, నవ్వించి, అది అటు తిరగ్గానే వచ్చేత్తాను." నా ముఖం చూసి కంగారు పడింది. "అందరూ అంతే కదండి? మా అమ్మా అంతే సేసేది."

అందరూ అంతే. మా అమ్మా అంతే చేసేది. నా కొడుకు చిన్నప్పుడు నేనూ అంతే చేశాను. కాకిని చూపించి, చందమామను చూపించి, వాడి వెనకనుంచి జారుకున్నాను. ఏడవకుండా చూడడమే ప్రేమ అనుకుంటాం మనం. ఆ సంగతి ఒకరు అడగాలని గానీ, ఒకరికి చెప్పాలని గానీ ఎవరికీ తోచదు. బస్సు హారన్ కొడితే నూకరత్నం వెళ్ళిపోయింది.

కేంద్రానికి వెళ్ళి పక్కన పెట్టిన ఆ నాలుగు ఆదివారాలూ తెరిచాను. ఆదివారం ప్లాంటు సెలవు. ఆ రోజు నూకరత్నం పిల్లకు తలంటు పోస్తుంది. కుంకుడుకాయలు కొట్టే చప్పుడు, కాగు కింద పుల్లల చిటపటలు, తర్వాత ఆమె గొంతు. గంటల తరబడి ఆమె గొంతు. కబుర్లు, పాట, మందలింపు, మళ్ళీ పాట. కింద లాస్య నాడి నిదానంగా, ఏ ఎర్రగీతా లేకుండా సాగుతోంది. వారం మొత్తంలో ఆ పిల్ల అంత నెమ్మదిగా ఉన్న వేళ ఇంకోటి లేదు. కుంకుడుకాయల చప్పుడు విన్న రోజున అమ్మ ఎక్కడికీ పోదని ఆ పిల్లకు తెలుసు.

మిగతా ఆరు రోజులూ అమ్మ ముద్దుచేయడం మొదలుపెడితే, ఇక మాయమైపోతుందని తెలుసు. అందుకే నాడి పెరిగేది. తిరిగి చూసేసరికి అమ్మ ఉండేది కాదు, అప్పుడు గడపకేసి తల కొట్టుకునేది. గింజ ఏ చప్పుడు దగ్గర నాడి పెరిగిందో సరిగ్గానే చెప్పింది. దేనికి భయపడిందో అది చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ పిల్ల అమ్మ పోతుందని ఏడిస్తే మేము అమ్మ గొంతునే తీసేశాం.

పరాంకుశం గారు నాలుగు ఆదివారాలూ చివరిదాకా విన్నారు. చివరి పాట అయ్యాక లేచి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

"నలభై ఊళ్ళకూ ఫోన్ చేసి ఆపెయ్యమని చెప్పు" అన్నారు. "మనుషుల గొంతు తీసేసిన పిల్లలు ఇంకెంతమంది?"

"తొమ్మిదిమంది."

"ఆ తొమ్మిది ఇళ్ళకూ వెళ్ళాలి. నేనూ వస్తాను. నాకు కూర్చోవడం రాదు, నువ్వే నేర్పాలి."

ఆ మధ్యాహ్నమే లాస్య చెవిలోంచి గింజ తీశాం. అది బయటికి రాగానే నూకరత్నం పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "లాసమ్మా" అని పిలిచింది. లాస్య గింజ ఉన్న ట్రే వైపు చూస్తోంది. నూకరత్నం మళ్ళీ పిలిచింది. "లాసమ్మా, ఇటు సూడు, అమ్మని." పిల్ల కదల్లేదు. తలుపు దగ్గర నుంచి అప్పయమ్మ మెల్లిగా "లాసీ" అనగానే గిర్రున తిరిగింది.

పది రోజులు పరీక్షలు చేశాం. చెవిలో లోపం లేదు. ఆ గొంతులోని ప్రతి స్థాయినీ విడివిడిగా వినిపిస్తే వింటోంది. అవన్నీ కలిసి అమ్మ గొంతు అయ్యేసరికి మాత్రం ఆ పిల్లకు ఏమీ చేరడం లేదు.

"సామర్లకోట స్టేషన్ పక్కన కాపురం ఉండేవాళ్ళకు రైలు వినపడదమ్మా" అని నూకరత్నానికి చెప్పారు పరాంకుశం గారు. "చెవిలో పడుతుంది, మనసు పక్కన పెట్టేస్తుంది. గింజ రోజూ చేసిన పనిని ఇప్పుడు పాప బుర్రే చేసుకుంటోంది. ఈ వయసులో బుర్ర ఏదైనా తొందరగా నేర్చుకుంటుంది."

"మళ్ళీ ఇనడం నేర్సుకుంటాదాండి?"

"తెలియదమ్మా. నేర్చుకుంటుందని అబద్ధం చెప్పలేను."

ఆమె నన్ను తిడుతుందని, కొడుతుందని అనుకున్నాను. కొట్టినా పడి ఉండేదాన్ని. "నేను దొంగలాగ ఎల్లబట్టేనాండి ఇదంతా?" అంది.

"కాదమ్మా. నువ్వు అందరు అమ్మల్లాగే చేశావు. చూడాల్సిన పని మాది. మేము చూడలేదు."

"మీరడిగుంటే సెప్పేదాన్ని కదండి" అంది. కోపంగా అనలేదు. ఆ మాట ఈ రోజుకీ నన్ను నిద్రపోనివ్వదు.

అడిగాను. తప్పు మనిషిని, తప్పు చోట, తప్పు మాటల్లో అడిగి టిక్కు పెట్టుకున్నాను.

ఇప్పుడు నూకరత్నం చెప్పులు గుమ్మంలోనే, పిల్ల కళ్ళెదుటే వేసుకుంటోంది. మొదటి రోజు లాస్య వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ వెళ్ళడానికి ఆ తల్లికి ఎంత గుండె కావాలో నేను చూశాను. వెళ్ళే ముందు వంగి, ఎక్కడికి వెళ్తోందో, ఎప్పుడు వస్తుందో చెప్తుంది. అది పిల్లకు చేరదు గనక పక్కన నిలబడి అప్పయమ్మ మళ్ళీ చెప్తుంది. "అమ్మ ప్లాంటుకెల్తందంట. నీడ గడప దాటేసరికి అన్నానికొచ్చేత్తదంట." చెప్పిన వేళకు నూకరత్నం వస్తుంది. ఒక్కరోజు కూడా తప్పలేదు. మూడు వారాలకు ఏడుపు ఆగి, లాస్య గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపడం నేర్చుకుంది. పేచీలు తిరిగి రాలేదు. తల గోడకు తగిలి సంవత్సరం దాటింది. గింజతో పనే లేకపోయింది. మొదటి నెలలోనే ఇది చేసి ఉంటే పేచీలు అప్పుడే పోయేవి.

ఆ తొమ్మిదిమందిలో ఇద్దరికి గొంతు తిరిగి వినపడుతోంది. లాస్యకు ఇంకా లేదు. నేను ప్రతి ఆదివారం ఆ ఇంటికి వెళ్ళి పీట వేసుకుంటున్నాను. కాగితం తీసుకెళ్ళడం మానేశాను.

మొన్న ఆదివారం నూకరత్నం పిల్ల తలకు నూనె రాస్తోంది. లాస్యకు ఇప్పుడు ఆరేళ్ళు, బడిలో ఒకటో తరగతి, మాటలు ధారాళంగా వస్తున్నాయి. అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని వెల్లకిలా పడుకుని, పైకి చూస్తోంది. నూకరత్నం ఎప్పటిలాగే పాడుతోంది. రోజూ పాడితే ఏదో ఒకనాడు తలుపు తెరుచుకుంటుందని ఆమె నమ్మకం, కాదనడానికి నాకు నోరు రాదు. ఆ పెదవుల కదలికను లాస్య చాలాసేపు చూసింది. తర్వాత తల పక్కకు తిప్పి, కుంకుళ్ళు కొడుతున్న అప్పయమ్మను పిలిచింది.

"నానమ్మా."

"ఏటమ్మా?"

"అమ్మ గొంతు ఎలాగుంటాది?"

అప్పయమ్మ చేతిలో రాయి ఆగిపోయింది. నూకరత్నం నూనె చేతులతో పిల్ల బుగ్గలు రెండూ పట్టుకుని ముఖం మీదికి వంగింది.

"ఇలాగే ఉంటాదమ్మా. ఇదిగో, ఇదేనమ్మా నా గొంతు. ఇదే."

లాస్య ఇంకా నానమ్మ వైపే చూస్తూ, జవాబు కోసం ఎదురుచూస్తోంది.